మేడిపండు లోపల, గంధపు వేళ్ళ కింద: విశాఖ యాత్ర

గురువారం, కంబాలకొండ

మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని బడిలో పద్యం అప్పజెప్పిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పేటప్పుడు ఏటా ఆ పద్యం దగ్గర కాసేపు ఆగుతాను. పద్యం మనుషుల గురించి, అది వేరే సంగతి. చెట్టు సంగతికొస్తే మాత్రం, ఆ పురుగులు లేని మేడికి విత్తనం లేదు. క్లాసులో బొమ్మ గీసి చెప్పడమే గానీ, అడవిలో కాయ కోసి లోపలి సంసారాన్ని తీరిగ్గా చూసే వీలు నాకు చిక్కలేదు. అందుకే మాఘమాసంలో సెలవు పెట్టి విశాఖలో అన్నయ్యావాళ్ళ ఇంట్లో దిగాను. అన్నయ్యకి ఆఫీసు. వదిన నాతో తిరగడానికి ముందే సిద్ధమై కూర్చుంది.

ఎంవీపీ కాలనీ నుంచి కంబాలకొండ దాకా ఆటో అతను 150 అడిగి 120కి వచ్చాడు. విశాఖ ఊరి అంచున, జూ దగ్గర్లో, హైవే పక్కనే మొదలవుతుంది ఈ అడవి. సుమారు 70 చదరపు కిలోమీటర్లు. లారీల హారన్లు వినబడుతూనే ఉంటాయి. వాటి వెనకాలే అడవి కోడి కూత కూడా.

మాతో వచ్చిన గైడు కుర్రాడిది అడవి లోపలే ఉన్న శంభువానిపాలెం. "పులిని చూపించమంటారు మేడమ్ అందరూ. మేడిచెట్టు అడిగినవాళ్ళు లేరు" అన్నాడు. వాగు పక్కకి తీసుకెళ్ళాడు. మాను నిండా, కొమ్మల మొదళ్ళ నిండా గుత్తులు గుత్తులుగా కాయలు. ఆకుల మధ్య కాకుండా మాను బెరడు మీదే కాయడం చూసి వదిన దగ్గరికెళ్ళి చేత్తో తడిమింది.

కాస్త రంగు తిరిగినా ఇంకా గట్టిగానే ఉన్న కాయని కుర్రాడు చాకుతో రెండు చెక్కలు చేశాడు. లోపల వందలకొద్దీ చిన్న చిన్న పూలు, గోడకి అంటుకుని. మేడికి పూలు కనబడవని అంటారు గానీ, కాయే పూలగది. మధ్యలో నల్లటి సన్న కందిరీగలు కదులుతున్నాయి, ఒక్కొక్కటి రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. వాటి పక్కన లేత పసుపు రంగులో, రెక్కల్లేకుండా, ఇంకో రకం. అవి మగవి. మగవి ముందు పుడతాయి, ఇంకా గదుల్లోనే ఉన్న ఆడవాటితో జతకడతాయి, కాయ గోడకు కన్నం తొలుస్తాయి, అక్కడితో వాటి బతుకు అయిపోతుంది. ఆడవి పుప్పొడి మూటగట్టుకుని ఆ కన్నంలోంచి బయటికొస్తాయి. మేం పట్టుకున్న చెక్కలోంచి, బడి గంట కొట్టగానే పిల్లలు బయటపడ్డట్టు, ఒకదాని వెనక ఒకటి ఎగిరిపోయాయి.

ఆ ఆడపురుగుకి ఉన్నది ఒకటి రెండు రోజుల ఆయుష్షు. అది పుట్టిన చెట్టు మీద కాయలన్నీ ఒకే ఈడువి కాబట్టి, అప్పుడే పూతకొచ్చిన లేతకాయలున్న ఇంకో మేడిచెట్టుని వాసన పట్టి వెతుక్కోవాలి. దొరికితే, కాయ కొసన ఉండే ఇరుకు ద్వారంలోంచి దూరుతుంది. దూరేటప్పుడు రెక్కలు తెగిపోతాయి, మీసాలు విరుగుతాయి. లోపల పూలకి పుప్పొడి అద్ది, కొన్ని పూలలో గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. గుడ్డు పడిన పువ్వు పురుగుకి గదవుతుంది, పడనిది విత్తనమవుతుంది. చెట్టు తన విత్తనాల్లో కొంత వాటా పురుగు పిల్లలకి ఇచ్చి, తన పుప్పొడిని కిలోమీటర్ల దూరం పంపించుకుంటోంది. ఈ పొత్తు మొదలై సుమారు 7.5 కోట్ల సంవత్సరాలైందని జన్యువుల లెక్క.

వదిన అడిగిన ప్రశ్న మంచిది. "పుప్పొడి మొయ్యకుండా ఊరికే గుడ్లు పెట్టి పోయేది ఉండదేటి?" ఉంటుంది. పనామాలో షార్లెట్ యాండర్, అలెన్ హెర్రే 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో, పుప్పొడి లేని కందిరీగల్ని కావాలని కాయల్లోకి పంపి చూశారు. మేడికి చుట్టాలైన అత్తి జాతుల్లో, పురుగులు పనిగట్టుకుని పుప్పొడి మోసేవాటిలో, పుప్పొడి పడని కాయల్ని చెట్టు చాలావరకు రాల్చేసింది. కాయతో పాటు లోపలి పురుగు సంతానమూ పోతుంది. మోసం చేసినవాడికి వాటా దక్కకుండా చూసే ఏర్పాటు చెట్టు దగ్గరే ఉంది.

వాగు దాటాక ఇంకో మేడి, దాని మీద పచ్చి కాయలు. అక్కడే నేను చాలాసేపు ఉండిపోయాను. కాయల పైన ఇంకో రకం కందిరీగలు వాలి ఉన్నాయి, ఒంటికన్నా పొడుగ్గా తోకలాంటి గొట్టం. ఇవి లోపలికి వెళ్ళవు, పుప్పొడి మొయ్యవు. బయటి నుంచే గోడ తొలిచి లోపల గుడ్డు పెడతాయి. కొన్ని చెట్టు విత్తనాన్ని దోచుకునేవి, కొన్ని ఆ దోచుకునేవాటి పిల్లల్ని తినేవి. వెంట్రుకకన్నా సన్నని గొట్టంతో గట్టి కాయని ఎలా తొలుస్తాయన్నది బెంగళూరులోని శాస్త్ర పరిశోధన సంస్థ ఐఐఎస్సీలో లక్ష్మీనాథ్ కుందనాటి, నమ్రత గుండయ్య 2014లో చూపించారు: గొట్టం కొసన రంపపు పళ్ళు, ఆ పళ్ళలో జింకు. వాళ్ళు చూసింది ఈ మేడి జాతి మీది కందిరీగనే.

కుర్రాడు "అయ్యో, చీమలు!" అని వదిన చెయ్యి వెనక్కి లాగాడు. ఎర్రచీమలు, ఆకులు కుట్టి గూడు కట్టేవి. అవి తొలిచే కందిరీగల్ని వాలినచోటే పట్టుకుపోతున్నాయి. అదే ఐఐఎస్సీలో రెనీ బోర్జెస్ బృందం ఏళ్ళ తరబడి మేడిచెట్లను చూస్తూ, ఈ చీమలు కాయల వాసనకూ కందిరీగల వాసనకూ స్పందిస్తాయని గమనించింది. ఇంత ఇరుకు చోట ఇన్ని ఖాతాలు. ఎవరు చుట్టం, ఎవరు దొంగ అని పేరు చూసి చెప్పేయలేం, పక్కన ఇంకెవరున్నారో కూడా చూడాలి. ఆ తర్వాత తిరిగిన ప్రతిచోటా నాకు ఇదే మాట మనసులో మెదిలింది.

మధ్యాహ్నం వదిన తెచ్చిన డబ్బా విప్పాం. పనసపొట్టు ఆవపెట్టిన కూర. ఈ కాలంలో లేత పనసకాయలు బజారులో కొట్టి ఇస్తారు. కుర్రాడు తన సీసాలో చోడంబలి తెచ్చుకున్నాడు, మాకూ పోశాడు. పనస, మేడి ఒకే కుటుంబం. పనసకి దగ్గరి చుట్టమైన చెంపెడాక్ అనే చెట్టు బోర్నియోలో ఉంది. దాని మగపూల మీద బూజు పడుతుంది, ఆ బూజు తినడానికి సన్న దోమల్లాంటి పురుగులొస్తాయి, అవే పుప్పొడి మోస్తాయి. పువ్వుకి తెగులనుకున్నదే పురుగుకి కూలీ. 2000లో షోకో సకాయి బృందం దీన్ని ప్రచురించింది. తింటూ ఈ కథ చెబితే కుర్రాడు కూర మళ్ళీ పెట్టించుకున్నాడు.

శుక్రవారం, మాధవధార మీదుగా సింహాచలం

సింహాచలానికి కొండ మీదికి బస్సుంది. మేం మాధవధార వైపు మెట్ల దారి ఎంచుకున్నాం. పొద్దున్నే మెట్ల మీద పెద్దవాళ్ళు వాకింగ్ చేస్తుంటారు. ఎదురుపడిన ప్రతివాళ్ళూ "అప్పన్న, అప్పన్న" అంటారు, మనమూ అనాలి. సగం దాటాక దారి రెండుగా చీలింది. బోర్డు వెలిసిపోయింది. ఒకాయన చూపించిన వైపు వెళితే జీడిమామిడి చెట్ల మధ్య దారి మాయమైంది. కట్టెలు మోసుకొస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు మమ్మల్ని మళ్ళీ మెట్ల దాకా దింపి, డబ్బులిస్తే తీసుకోకుండా వెళ్ళిపోయారు.

అయితే ఆ చోటే ఒక తాటిచెట్టుని పట్టుకున్న మర్రి కనబడింది. ఉత్తరాంధ్ర పొలాల్లో ఇది మామూలే. పిట్ట రెట్టలో మర్రి గింజ తాటిమట్టల సందులో పడుతుంది, అక్కడే మొలిచి, వేళ్ళు మాను వెంట కిందికి దిగుతాయి. చాలామంది మర్రి తాటి రసం పీలుస్తుందనుకుంటారు. ఒక్క చుక్క పీల్చదు. దానికి కావలసింది ఎత్తు, ఎండ. నేల అందాక వేళ్ళు లావెక్కి, ఒకదానికొకటి అతుక్కుని, తలపైన నీడ కమ్మి, నెమ్మదిగా తాటిని చంపేస్తాయి. అయినా ఆ మర్రి కాసే ఎండాకాలంలో ఆ కొండ మీది పిట్టలకి అదే ఆధారం.

గుడిలో క్యూ పెద్దగా లేదు. అప్పన్న స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడు. వైశాఖంలో అక్షయ తృతీయ నాడొక్కరోజే నిజరూప దర్శనం. పులిహోర ప్రసాదం వేడిగా దొరికింది. మిరియం కాస్త ఘాటుగా తగిలింది, ఇంకో పొట్లం కొన్నాం.

అంత చందనం అర్పించుకునే స్వామి కొండ కింద, అడివివరం వైపు, ఒక నర్సరీలో శ్రీగంధం మొక్కలు చూశాను. నల్ల కవర్లలో జానెడు మొక్కలు, ప్రతి కవర్లో పక్కనే ఒక కంది మొక్క. కొనడానికొచ్చిన ఒకాయన "ఈ కలుపు పీకేసి ఇవ్వు" అంటున్నాడు. నర్సరీ అతను నవ్వకుండా, ఓపిగ్గా చెప్పాడు: "కంది పీకితే గంధం బతకదండీ. ఇంటికెళ్ళేదాకా బాగానే ఉంటది. తర్వాత ఆకు పసుపెక్కి పోతది."

శ్రీగంధం పరాన్నజీవి, అందులోనూ సగమే. ఆకు పచ్చగా ఉంటుంది, తన చక్కెర తానే వండుకుంటుంది. నీళ్ళు, లవణాలు మాత్రం పక్క మొక్కల వేళ్ళలోకి తన వేళ్ళ నుంచి సన్న ముళ్ళలాంటి అతుకులు దింపి లాక్కుంటుంది. నేల పైన చూస్తే ఇద్దరు పొరుగువాళ్ళు, నేల కింద ఒకరి గొంతు మీద ఒకరి చెయ్యి. గంధం కింద కంది, కంది వేళ్ళ బుడిపెల్లో బాక్టీరియా. ఆ బాక్టీరియా గాల్లోని నత్రజనిని పట్టి కందికి ఇస్తుంది, కంది దానికి చక్కెర ఇస్తుంది. గంధం వచ్చి ఆ స్నేహం మీద పన్ను వేస్తుంది. నత్రజని పట్టే మొక్క పక్కనుంటే గంధం బాగా ఎదుగుతుందని నర్సరీవాళ్ళకీ, శాస్త్రవేత్తలకీ ఒకేలా తెలుసు. మొక్క 60 రూపాయలు. కొనడానికొచ్చినాయన కందితో సహా నాలుగు తీసుకెళ్ళాడు. పెద్దయ్యాక సరుగుడో, కానుగో పక్కన నాటమని నర్సరీ అతను రోడ్డు దాకా వెళ్ళి మరీ చెప్పి వచ్చాడు.

దోచుకునే చెట్టని గంధాన్ని ఎవరూ తిట్టరు, నేనూ తిట్టలేను. దాని నల్లటి పళ్ళు కోయిలలు, పికిలిపిట్టలు తింటాయి, గింజలు దూరం మోస్తాయి. ఒక చెట్టే కిందివాళ్ళకి దొంగ, పైవాళ్ళకి అన్నదాత.

శనివారం, భీమిలి దారి

బీచ్ రోడ్డు పక్కన తేగల కట్టలు. కాల్చినవి కట్ట 40. పీచు తీసుకుంటూ నమలడం వదినకి చిన్నప్పటి అలవాటు, నాకు దవడలు నొప్పెట్టాయి. అయినా రుచి వదల్లేదు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. జియొలాజికల్ సర్వే 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు. లోతుగా కోసుకుపోయిన ఎర్ర లోయలు. సినిమాల్లో చూసినవాళ్ళు ఫొటోల కోసం వస్తున్నారు, నేను అంచుల్లోని పొదల కోసం. అక్కడే ఒక పొద మీద ఆకుపచ్చా నారింజా కలిసిన సన్న తీగల చిక్కు పరుచుకుని ఉంది. ఆకుల్లేవు, నేలలో వేళ్ళూ లేవు. పాచితీగ. రోడ్డుకి అటుపక్క రేగు కంప మీద పచ్చటి పసుపు రంగులో ఇంకో తీగ. రైతులు బంగారు తీగ అంటారు, మా అమ్మమ్మ సీతమ్మ పోగునూలు అనేది. దూరం నుంచి రెండూ ఒకే జాతి అనిపిస్తాయి. కానీ పాచితీగ దాల్చినచెక్క, కర్పూరం కుటుంబంలోది. బంగారు తీగ చిలగడదుంప కుటుంబంలోది. కోట్ల సంవత్సరాల కిందటే వేరైపోయిన వంశాలు. దోచుకుని బతికే దారిలో పడ్డాక రెండూ ఆకులు వదిలేశాయి, వేళ్ళు వదిలేశాయి, పక్క మొక్క కాండంలోకి మేకులు దింపడం నేర్చాయి. పూలమొక్కల్లో పరాన్నజీవనం కనీసం 12 సార్లు విడివిడిగా పుట్టింది. ఆ మాట ఏళ్ళుగా చెబుతున్నాను. పది అడుగుల రోడ్డుకి ఇటూ అటూ ఆ రెండూ పక్కపక్కన చూడటం వేరు, గుండె వేగంగా కొట్టుకుంది.

బంగారు తీగ మొలక పక్కమొక్కని వాసనతో వెతుకుతుందని 2006లో అమెరికాలో తేల్చారు. టమాటా వాసన వచ్చే వైపే తిరిగింది. పాచితీగ సంగతి ఇంకా వింత. మన తీరంలో ఉన్న ఈ జాతే ఫ్లోరిడాలోనూ ఉంది. అక్కడ ఓక్ చెట్ల ఆకుల మీద ఒక కందిరీగ బుడిపెలు కట్టించి, అందులో పిల్లల్ని పెంచుతుంది. పాచితీగ వెళ్ళి ఆ బుడిపెలకే మేకు దింపింది. అలా తీగ పట్టిన బుడిపెల్లో దాదాపు సగం వాటిలో కందిరీగ ఎండిపోయి చనిపోయి కనబడింది. 2018లో వచ్చిన ఈ పరిశోధన ప్రకారం, ఒక పరాన్నజీవి మొక్క ఇంకో పరాన్నజీవి పురుగు కట్టించిన ఇంటిని దోచుకుంటోంది. ఓక్ చెట్టుకి అది మేలా, కీడా? తీగ రసం పీలుస్తోంది, పురుగుని చంపుతోంది. ఏది ఎక్కువైతే అది.

దిబ్బల అవతల సరుగుడు తోటలు. కౌలు రైతు ఒకాయన నరుకుడు చూసుకుంటున్నాడు. మొక్క పీకి చూపించమంటే వేళ్ళ మీది బుడిపెలు చూపించాడు. పప్పుజాతి మొక్క కాకపోయినా సరుగుడు వేళ్ళలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి చేరి నత్రజని పడుతుంది. ఒట్టి ఇసుకలో ఇంత పచ్చదనానికి ఎరువేసింది అదే. "కొత్త ఇసకలో మొదటిసారి నాటేటప్పుడు పాత తోట మట్టి పిడికెడు ఏస్తామండీ, మా నాన్న నుంచి అలాగే" అన్నాడు. ఆ పిడికెడు మట్టిలోనే ఆ జీవి ప్రయాణం చేస్తుంది.

భీమిలిలో భోజనం వంజరం వేపుడు, చేపల పులుసు. ప్లేటు 220. పక్క బల్ల దగ్గర కూర్చున్న జాలరి పెద్దాయన, మేం ముల్లు తీసుకోలేక అవస్థ పడుతుంటే లేచి వచ్చి, చేప ఎటు నుంచి విప్పాలో చూపించి మళ్ళీ తన అన్నం దగ్గరికెళ్ళాడు.

ఆదివారం, సోమవారం, అనంతగిరి నుంచి అరకు

అనంతగిరి ఘాట్‌కి కారు మాట్లాడుకున్నాం, రెండు రోజులకి 5,500. డ్రైవరు కాఫీ తోట దారి అనుకుని తన మేనత్తగారి ఊరు వైపు తిప్పేశాడు. ఎలాగూ వచ్చాం కదా అని ఆవిడ ఇంటి ముందే ఆగాం.

అక్కడ అవ్వ అడ్డాకులు కుడుతోంది. పుల్లముక్కలతో ఆకులు గుచ్చి విస్తరి చేయడం క్షణంలో పని. అడ్డాకు తీగ తన మాను కట్టుకునే ఖర్చు పెట్టదు. పెద్ద చెట్ల మీదికెక్కి ఎండలో ఆకు పరుస్తుంది. దాని బరువుతో, నీడతో ఆ చెట్టు ఎదుగుదల తగ్గుతుంది. పనామాలో కొంత అడవిలో తీగలన్నీ తీసేసి చూస్తే చెట్లు బాగా పెరిగాయి. చెట్టు వైపు నుంచి లెక్కేస్తే అడ్డాకు తీగ కూడా ఒక రకం దోపిడీదారే. అవ్వ వైపు నుంచి చూస్తే వందాకుల కట్ట ఆ పూట కూర.

పెరట్లో మామిడి మీద ఎర్రచీమల గూళ్ళు. "కొట్టించెయ్యరా అవ్వా?" అని వదిన అడిగింది. "ఎందుకమ్మా, అవి ఉంటే కాయకి పురుగు పట్టదు" అంది అవ్వ. చైనాలో నారింజ తోటలకి ఈ చీమల గూళ్ళు సంతలో అమ్మేవారని క్రీ.శ. 304 నాటి రాతల్లోనే ఉంది. కానీ అవ్వ ఇంకో మాట కూడా చెప్పింది, అది నాకు బాగా నచ్చింది: "పిండినల్లిని మాత్రం అవే కాస్తాయి." నిజమే. పిండినల్లి విసర్జించే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. గొంగళిపురుగులు ఎక్కువైన ఏడు చీమ చెట్టుకి మేలు, పిండినల్లి ఎక్కువైన ఏడు అంత కాదు.

ఈ లెక్క ఎంత తేలిగ్గా తిరగబడుతుందో కెన్యాలో టాడ్ పామర్ బృందం 2008లో చూపించింది. అక్కడి ఒక తుమ్మజాతి చెట్టు చీమలకి బోలు ముళ్ళలో ఇల్లిస్తుంది, తేనె ఇస్తుంది. చీమలు ఏనుగుల నుంచి, జిరాఫీల నుంచి కాపాడతాయి. కంచె వేసి పదేళ్ళు ఆ జంతువుల్ని రానివ్వకపోతే చెట్లు హాయిగా పెరగాలి కదా. పెరగలేదు. కాపలా అక్కర్లేదని చెట్టు తేనె తగ్గించింది, ఇళ్ళు తగ్గించింది. మంచి చీమలు బలహీనపడ్డాయి, చెట్టుకి అక్కరకు రాని వేరే చీమలు చేరాయి, కాండం తొలిచే పురుగులు పెరిగాయి. శత్రువు పోయాక స్నేహం కూడా పోయింది.

మర్నాడు అరకు వైపు కాఫీ తోటలు. పైన సిల్వర్ ఓక్, దాని మానుకి మిరియపు తీగ, కింద కాఫీ. మిరియం పట్టుకుని ఎక్కుతుందే గానీ మాను లోపలికి ఏదీ దింపదు. ఒక మామిడి కొమ్మ మీద ఆర్కిడ్ మొక్కలు కూడా చూశాను, అవీ అంతే, చెట్టు రసం తాగవు. కానీ వాటి కథలో వేరే బాకీ ఉంది: ఆర్కిడ్ గింజ ధూళంత, లోపల తిండి ఉండదు, శిలీంధ్రం వచ్చి అన్నం పెడితేనే మొలుస్తుంది. మొదటి రోజుల్లో పెట్టిన తిండికి శిలీంధ్రానికి తిరిగి ఏం దక్కుతుందన్నది అంత తేలిగ్గా తేలే ప్రశ్న కాదు.

కాఫీ పళ్ళు కోసేశారు. కళ్ళాల్లో ఆరబోసి ఉన్నాయి. కప్పు కాఫీ 30, చేతిలో పట్టుకోలేనంత వేడి. కాఫీ పువ్వు తేనెలోనూ కెఫీన్ ఉంటుంది. చేదు తెలియనంత తక్కువ మోతాదులో. 2013లో జెరాల్డిన్ రైట్ బృందం ఆ మోతాదు తాగిన తేనెటీగలు ఆ పువ్వు వాసనని మర్నాటికి మూడింతలు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నాయని చూపించింది. పువ్వుకి మంచిదే, ఈగ మళ్ళీ వస్తుంది. 2015లో మార్గరెట్ కువియాన్ బృందం ఇంకో వైపు చూసింది: కెఫీన్ తాగిన ఈగలు గూటికెళ్ళి ఆ చోటు గురించి ఎక్కువసార్లు నాట్యం చేసి, తేనె అంతగా లేని చోటికి కూడా తోటివాళ్ళని పంపుతున్నాయి. గూడు నష్టపోవచ్చు. పొత్తు పొత్తుగానే ఉండి, కొంచెం కొంచెంగా ఒకరి చేతిలోకి జారడం ఇలాగే మొదలవుతుంది. ఇది చెబితే తోట పని చేస్తున్న అమ్మాయి, "మా ఊరి వాళ్ళు పుట్టతేనె తీసేటప్పుడు అంతా తియ్యరండి, సగం ఉంచుతారు" అంది.

బొంగులో చికెన్ గురించి అందరూ రాస్తారు, నేను ఎక్కువ రాయను. నూనె వెయ్యలేదు, బొంగు వాసన కూరకి పట్టింది, 300 రూపాయలకి ముగ్గురికి సరిపోయింది.

మంగళవారం, ఎంవీపీ కాలనీ

వెళ్ళేముందు పొద్దున వదిన నన్ను వెనక పెరట్లోకి తీసుకెళ్ళింది. బంగినపల్లి మామిడి, పూత నిండా. దాని మీద మూడు చోట్ల బదనిక గుబుర్లు. మామిడి ఆకుకన్నా మందంగా, బూడిదపచ్చ ఆకులు, ఎర్రటి గొట్టపు పూలు. "చెట్టెక్కేవాడిని పిలిచాను అమ్మాయ్. తీయించెయ్యనా? ఇన్ని రోజులు తిప్పావు, ఇప్పుడు చెప్పు."

బదనిక కూడా గంధం లాంటిదే, సగం పరాన్నజీవి. చెట్టు మీద కాబట్టి చెట్టు నీళ్ళే దానికి దిక్కు. ఎండాకాలంలో మామిడి నీళ్ళకి అల్లాడుతున్నప్పుడు ఇది ఆగకుండా లాగుతుంది. గుబురు అవతలి కొమ్మ ఎండిపోతుంది. లేత చెట్టు మీద ఐదారు పడితే చెట్టే పోతుంది. అదే సమయంలో మా ముందే తేనెపిట్ట వచ్చి ఆ గొట్టపు పూలలో ముక్కు పెట్టింది. దాని వెనకాలే బొటనవేలంత బూడిదరంగు పిట్ట. ఇదే బదనిక పళ్ళు మింగి, జిగురు గింజని కొమ్మకేసి ఒంటిని రాసి అతికించి పోతుంది. పిట్ట లేకపోతే బదనిక లేదు. బదనిక లేకపోతే ఏమవుతుంది? ఆస్ట్రేలియాలో డేవిడ్ వాట్సన్, మాథ్యూ హెరింగ్ కొన్ని అడవి ముక్కల్లో వాళ్ళ బదనిక జాతుల్ని పూర్తిగా తీసేసి మూడేళ్ళు చూశారు. అడవినే నమ్ముకున్న పక్షి జాతుల్లో నాలుగో వంతుకు పైగా తగ్గిపోయాయి. బదనిక రాల్చే ఆకుతో నేల సారమై, అందులో పురుగులు పెరిగి, పురుగుల్ని తినే పిట్టలు బతికేవన్నది వాళ్ళ వివరణ. 2012లో ప్రచురించారు.

వదినకి ఇదంతా చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పాను. ఇది అడవి కాదు, పెరడు, ఒకే చెట్టు. మొదలు కొమ్మకి దగ్గరగా ఉన్న రెండు గుబుర్లు తీసేయాల్సిందే. ప్రహరీ వైపు కొసకొమ్మ మీదున్న చిన్నది ఉంచొచ్చు. గుబురుని విరిచేస్తే లాభం లేదు, మామిడి కొమ్మలో మిగిలిన దాని కణజాలం మళ్ళీ చిగురు పెడుతుంది. గుబురుకి జానెడు కిందికి కొమ్మతో సహా కోయాలి.

చెట్టెక్కే అతను 600 తీసుకున్నాడు. ఎర్రచీమలు కరుస్తాయని ఒంటికి బూడిద రాసుకుని ఎక్కాడు. రంపంతో అడిగినచోటే కోశాడు. కోసిన కొమ్మ కింద పడ్డాక నేను చాకుతో అతుకు దగ్గర చీల్చి చూపించాను: మామిడి కర్ర లోపలికి బదనిక కర్ర దూరి, ఎక్కడ ఇది ఆగి అది మొదలైందో వేలితో చూపించలేనట్టు ఉంది. వదిన దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూసింది. తర్వాత ప్రహరీ వైపు కొమ్మకేసి చూసి, "ఒకటే కదా, వచ్చే మాఘం దాకా ఉండనీ. రెండోది పెట్టిందో, నువ్వు ఖమ్మం నుంచి ఫోన్లో ఎన్ని చెప్పినా వినను" అంది.